బిజిలీ పగ్గం

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే. "మేడమ్, మీరు చూసినవాటిలో అన్నిటికంటే కష్టమైన కేసు ఏది?" ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగిన కథో, పాము కరిచిన ఎద్దు కథో చెబుతానని కాచుకుని కూర్చుంటారు. అవి కష్టమైనవి కావు. చేయి పీకుతుంది, చీర పాడవుతుంది, అంతే. దూడ బతికి బయటపడితే అందరూ నవ్వుతారు, లేకపోతే అందరూ ఏడుస్తారు. ఏం జరిగిందో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుస్తుంది.

కష్టమైన కేసు వేరే ఉంటుంది. గొడ్డు నాలుగు కాళ్ల మీద నిలబడే ఉంటుంది, మేత మేస్తూనే ఉంటుంది. దాని మనిషి తాడు పట్టుకుని మన ఎదుట నిలబడి, "మందు రాయమ్మా" అంటాడు. అతను అడిగేది మందు. అడగాలనుకుని అడగలేకపోయేది, "దీన్ని ఉంచుకోవాల్నా, పంపించాల్నా?" అన్న మాట. ఆ రెండో ప్రశ్న చెవిన పడేదాకా మనం పశువుల డాక్టర్లం కాము, ఉత్త సూదిమందు వేసేవాళ్లం.

మాది ఒంటిమిట్ట దగ్గర పల్లె. ఉద్యోగం మాత్రం ఎక్కువగా కర్నూలు వైపే చేశాను. మొదట కోడుమూరు, చివర కల్లూరు. ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి ఇక్కడ రాయను. రాస్తే చదివే ఓపిక మీకుండదు, తలుచుకునే ఓపిక నాకూ లేదు. ఒక గుర్రం గురించి రాస్తాను. కర్నూలు జిల్లాలో డాక్టరు చూసేవి ఎద్దులు, గేదెలు, గొర్రెలు. గుర్రాలు ఎప్పుడో ఒకటి. అయినా ఈ ఉద్యోగం గురించి నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క గుర్రం దగ్గర అక్కరకొచ్చింది.

చూద్దాంలే

ముందు మా పెద్దాయన గురించి చెప్పాలి. కోడుమూరులో నా పై డాక్టరు. చేయి తిరిగిన మనిషి. చీకట్లో కూడా కుట్లు వేయగలడని చెప్పుకునేవాళ్లు. ఆయనకు ఉన్న లోపం ఒక్కటే, 'కాదు' అనే మాట నోట రాదు. నడుం పడిపోయిన గేదెను తెచ్చినా "చూద్దాంలే", ఎండిపోయిన పొదుగును చూపించినా "చూద్దాంలే". ఆ మాట వినగానే రైతు ముఖం వెలిగేది. ఆయనంటే ఊళ్లకు ఊళ్లే ప్రాణం పెట్టేవి. నా గురించి మాత్రం, "ఆయమ్మ నోట్లోంచి మంచి మాట రాదప్పా" అనుకునేవాళ్లు.

రంగప్ప అనే రైతుకు ఒక ముసలి ఎద్దు ఉండేది. తుంటి కీలు అరిగిపోయింది. దున్నడానికి పనికిరాదు గానీ నెమ్మదిగా నడిచేది. కాలువ కింద తోట ఉన్న బంధువొకాయన దాన్ని ఊరికే మేపుకుంటానన్నాడు. రంగప్పకు మనసొప్పలేదు. పెద్దాయనను అడిగితే "చూద్దాంలే, తొందరేముంది" అన్నాడు. చలికాలమంతా చూశారు. ఎండాకాలమూ చూశారు. తొలకరి నాటికి ఎద్దు కూలబడింది. ఇక దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాలేదు. ఆ బంధువూ చేతులెత్తేశాడు. రంగప్ప, అతని కొడుకులు కలిసి దాని కింద మోకులు వేసి పక్క మార్చేవాళ్లు. ఒళ్లంతా పుండ్లు పడి చచ్చిపోయింది.

తర్వాత రంగప్ప ఆసుపత్రికి వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. "నడిసేతప్పుడే చెప్పింటే, నడిపిచ్చుకోని పోయి ఇడిసొస్తాంటి గదా సారూ" అన్నాడు. ఆ మాట చాలు.

అతను వెళ్లాక పెద్దాయన బల్ల మీది కళ్లద్దాలు మడిచి పెట్టాడు. నాతో, "చూద్దాంలే అని నేను వాని కోసం అనలేదమ్మా, నా కోసం అన్నా" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన మీద నాకు ఎంత గౌరవం పెరిగిందో చెప్పలేను. ఎదుటివాడి ఏడుపు చూడలేక మనం వాయిదా వేస్తాం. ఆ వాయిదాకు శిక్ష అనుభవించేది నోరులేని గొడ్డు. మీరు పుస్తకాల్లో చదివే విషాలన్నిటికంటే 'చూద్దాంలే' పెద్ద విషం.

కుచ్చు వెనక కన్ను

కల్లూరుకు వచ్చేసరికి ఊరి రూపు మారిపోయింది. ఎటు చూసినా కొత్త ఇళ్లు, ఇనుప గేట్ల షాపులు, షేర్ ఆటోలు. ఆ ఆటోలు నడిపేవాళ్లలో దస్తగిరి ఒకడు. అతని తాత, నాయన కర్నూలులో జట్కా తోలిన మనుషులు. జట్కా పోయింది గానీ గుర్రం పోలేదు. పెళ్లిళ్ల కాలం వస్తే దస్తగిరి ఆటో పక్కన పెట్టి, తన తెల్ల ఆడగుర్రాన్ని ముస్తాబు చేసి పెళ్లికొడుకుల ఊరేగింపులకు తీసుకుపోయేవాడు.

దాని పేరు బిజిలీ. మెరుపు అని పేరేగానీ అది పరుగెత్తగా చూసినవాడు లేడు. చెవి పక్కన బ్యాండు మోగినా, కాళ్ల కింద టపాకాయలు పేలినా కదలదు, బెదరదు. పిల్లనిచ్చేవాళ్లు పెళ్లికొడుకు గుణం అడగరు గానీ దస్తగిరి గుర్రమేనా అని అడుగుతారని కల్లూరులో ఒక ఎగతాళి ఉండేది. దస్తగిరి కూడా దానిలాంటివాడే. మాట తక్కువ. రోజంతా ఆటోలో పక్కన కూర్చున్నా రెండు మాటలు ఆడడు. గుర్రంతో అయితే ఆ రెండూ ఉండవు. చేత్తో మెడ మీద ఇలా తడితే అది అటు తిరిగేది, అంతే.

ఒకరోజు పొద్దున దాన్ని ఆసుపత్రికి తోలుకొచ్చాడు. రాత్రి ఊరేగింపు ముస్తాబు ఇంకా పూర్తిగా తీయలేదు.

"కాలు సూడు డాక్టరమ్మా. తడబడతాండాది" అన్నాడు.

నాలుగు కాళ్లూ చూశాను. గిట్టలు చూశాను. నడిపించి చూశాను. కాలికి ఏమీ లేదు. కానీ దాని ముఖం మీద జరీ కుచ్చు ఒకటి ఎడమ కంటి మీదికి జారి ఉంది. కుడి వైపు అలాంటిది లేదు. ముస్తాబు చేసేవాడెవడూ ఒక వైపే కుచ్చు కట్టడు.

"ఆ కుచ్చు తియ్యప్పా."

అతను కదల్లేదు. నేనే పక్కకు తీశాను. ఎడమ కన్ను నీలంగా, పాలపొర కమ్మినట్టుంది. రెప్పల చుట్టూ నల్లగా గీత.

"ఇదేంది, సురుమానా?"

"మాయమ్మ పెట్టింది. మనుసులకు సల్లగుంటాది గదా అని."

"పెండ్లికొడుక్కు పెట్టాల్సింది గుర్రానికి పెట్టిందా మీయమ్మ?" అన్నాను. అతను నవ్వలేదు. నవ్వకపోవడంతో నాకు సగం అర్థమైంది. దీన్ని ఇతను ఇవాళే చూడలేదు. తెలిసే కుచ్చు కట్టాడు.

అడిగితే ముక్కలు ముక్కలుగా చెప్పాడు. కన్ను ఎర్రబడి నీళ్లు కారడం, ఎండలో మూసుకోవడం, కొన్నాళ్లకు తగ్గిపోవడం, మళ్లీ రావడం. వచ్చిన ప్రతిసారీ చల్లగా ఉంటుందని సురుమా. మొన్నటి ఊరేగింపులో జనరేటరు బండి ఎడమ వైపు నుంచి మీదికొచ్చింది. ఎప్పుడూ బెదరని బిజిలీ ఉన్నట్టుండి పక్కకు ఎగిరింది. పెళ్లికొడుకు తలపాగా ఊడిపడింది, అతను గుర్రం మెడ పట్టుకుని వేలాడాడు. దెబ్బలు తగల్లేదు.

"అందురూ నవ్వినారమ్మా. వీడియోలు తీసుకున్న్యారు. నాకొక్కనికే నవ్వు రాలే" అన్నాడు.

రెండో కన్ను లైటు వేసి చూశాను. పైకి బాగానే ఉంది. లోపల మొదలైంది. ఈ జబ్బు వస్తూ పోతూ ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ కొంచెం చూపు పట్టుకుపోతుంది. నా కళ్లను నేను నమ్మకుండా పశువైద్య కళాశాలకు పంపించాను. వాళ్లూ అదే చెప్పారు.

తిరిగొచ్చాక దస్తగిరికి సూటిగా చెప్పాను. "ఎడమ కన్ను పోయింది, ఇంగ రాదు. కుడిది గూడా పోతాది. ఎప్పుడని అడిగితే నేను చెప్పలేను. పోతాదని మాత్రం చెప్పగలను. చుక్కల మందు రాస్తాండా. అది నొప్పికి, కొంచెం ఆలస్యం చేసేదానికి. చూపు తెచ్చేదానికి కాదు. ఇంగ దీని మీద మనిషిని ఎక్కించొద్దు."

అతను మందు చీటీ జేబులో పెట్టుకున్నాడు. గుర్రం మెడ మీద చేయి వేసి ఇటూ అటూ కాసేపు రాశాడు. "ఇంగేమన్నా అడగాల్నా?" అన్నాను. తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఆటో తెచ్చి ఆసుపత్రి ముందు ఆపాడు. దిగలేదు. లోపలి నుంచే, "పంపిస్తే యాడ బతుకుతాది?" అన్నాడు. నేను ఎదురుచూస్తున్న రెండో ప్రశ్న అదే.

ఇంటికి పోయి చూడండి

ఇలాంటి సలహా ఆసుపత్రి బల్ల దగ్గర కూర్చుని చెప్పేది కాదు. గొడ్డు పడుకునే చోటు చూడాలి. దస్తగిరి ఇంటికి వెళ్లాను.

అది ఒకప్పుడు ఊరికి దూరంగా ఉన్న ఇల్లు. ఇప్పుడు చుట్టూ సందులు. ఒక పక్క వెల్డింగ్ షాపు, ఇంకో పక్క కడుతున్న ఇల్లు. పిల్లర్లలోంచి కడ్డీలు గుర్రం ముఖం ఎత్తున బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఇవాళ ఉన్న కంకర కుప్ప రేపు ఇంకో చోట ఉంటుంది. చూపున్న మనిషికే అక్కడ నడవడం గండం.

దస్తగిరి తల్లి ఖాసింబీ కొట్టం ముందు మంచం వేసుకుని కూర్చుంది.

"యాడికీ పంపేది లేదు డాక్టరమ్మా. ఈడనే ఉంటాది. దాని కండ్లు పోతే మేమే దాని కండ్లు" అంది.

"నీ కండ్లకే ఆపరేషన్ చేయాలన్న్యారంట గదమ్మా. దస్తగిరి తెల్లారకముందే ఆటో తీసుకోని పోతాడు. ఇంగ దీనికి ఎవురి కండ్లు ఇస్తావు?" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కోపమొచ్చినా చాయ్ మాత్రం ఇచ్చింది.

వాళ్ల దగ్గర అప్పటికే రెండు దారులు ఉన్నాయి. యాత్రికులను గుర్రమెక్కించి తిప్పే ఒకాయన, "ఒంటికన్నయినా ఏం పర్లేదు, నాకియ్యండి" అన్నాడట. నేను వద్దన్నాను. ఏం పర్లేదన్నవాడికి ఏ గొడ్డునూ ఇవ్వొద్దు. ఎట్లా మేపాలి, ఎట్లా పట్టుకోవాలి, రెండో కన్ను పోతే ఏం చేయాలి అని మనల్ని విసిగించేవాడికి ఇవ్వాలి.

రెండోది ఖాసింబీ మాట. "అంతగా అయితే దర్గా స్వామి పేరు మీద ఆడనే ఇడిసిపెడదాం. దేవుని సొమ్మయితే దేవుడే సూసుకుంటాడు."

మన వైపు హిందువులైనా ముస్లిములైనా ఈ మాట అంటారు. ఆంబోతునో, కోడెదూడనో, మేకపోతునో దేవుడి పేరున వదులుతారు. దాన్ని నేను ఎగతాళి చేయను. కానీ ఆసుపత్రికి లారీ గుద్ది వచ్చే గొడ్లలో సగం దేవుడి సొమ్మే. చూపులేని గుర్రాన్ని దేవుడికి వదలడమంటే రోడ్డుకు వదలడమే. ఆ మాటే ఖాసింబీకి చెప్పాను. ఆమె తస్‌బీ పూసల దండ తిప్పుతూ కూర్చుంది. తర్వాత మళ్లీ దర్గా ఊసెత్తలేదు.

అసలు చిక్కు దస్తగిరితో వచ్చింది. పంపడానికి ఒప్పుకున్నాడు. కానీ ఇలా అన్నాడు: "సూపున్నెన్ని దినాలు నా కాడనే ఉండనీ అమ్మా. అంతా పోయినాక పంపిస్తా. అప్పుడు నాకూ మనసు రాయి జేసుకునేదానికి అయితాది."

ఎంత న్యాయంగా వినిపిస్తుందో చూడండి. చూపు ఉన్నన్నాళ్లు ఉంచుకుందాం, అంతా పోయాక పంపుదాం. ప్రేమ ఉన్నవాళ్లందరూ చేసే తప్పు ఇదే. గుడ్డిదైన గుర్రం గుడ్డితనంతో బాగానే బతుకుతుంది. కానీ తెలిసిన చోట బతుకుతుంది. తొట్టి ఎక్కడుందో, గోడ ఎక్కడుందో, పల్లం ఎక్కడుందో కళ్లతో చూసి, కాళ్లతో తొక్కి ముందే నేర్చుకుని ఉండాలి. చూపు పోయాక కొత్త చోటికి తీసుకుపోతే దానికి ఆ చోటు ఎప్పటికీ చీకటి బావిలాంటిదే.

"పంపేటట్లయితే సూపున్నప్పుడే పంపాల. ఇప్పుడే" అన్నాను.

దస్తగిరికి మొదటిసారి కోపం రావడం చూశాను. "గుర్రాన్ని ఎప్పుడన్నా పెంచిండావా నువ్వు?"

"లేదు. పెంచినోళ్లు నా ముందర ఏడ్సింది శానా సూసినా. సూపు పోయిందాకా ఉంచుకుంటానంటాండావే, అది దాని కోసరం కాదప్పా, నీ కోసరం."

మా పెద్దాయన మాట నాకు ఆ రోజు అలా ఉపయోగపడింది. దస్తగిరి లేచి గుర్రం అవతలి పక్కకు వెళ్లి నిలబడ్డాడు. అతని ముఖం నాకు కనబడకుండా గుర్రాన్ని అడ్డం పెట్టుకున్నాడు. అక్కడి నుంచే, "యేసురత్నం అడిగినాడు" అన్నాడు.

నోరు మూయని మనిషి

యేసురత్నం ఒకప్పుడు పెళ్లిళ్ల కాలంలో దస్తగిరితో వచ్చి, ఊరేగింపులో బిజిలీ పక్కన నడిచేవాడు. తర్వాత కోడుమూరు దగ్గర పల్లెలో తన కొద్దిపాటి చేలో స్థిరపడ్డాడు. వర్షం పడితే శెనక్కాయలు, పడకపోతే కూలి. చర్చిలో పాట మొదలైతే అతని గొంతు రోడ్డు దాకా వినబడుతుంది. గుర్రాన్ని నేను చూసుకుంటానని అతను ఎప్పుడో అడిగాడట. దస్తగిరి ఆ మాట లెక్కలోకి తీసుకోలేదు.

"ఎందుకప్పా? తాగుతాడా?"

"తాగడు. మాట్లాడతాడు. నిద్దర్లో గూడా మాట్లాడతాడమ్మా వాడు. నా గుర్రానికి నెమ్మది అలవాటు."

నాకు ఆ క్షణమే ఖాయమైంది. "నాకు కావాల్సింది నోరున్న మనిషే" అన్నాను. దస్తగిరి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. యేసురత్నం నోరు మంచిదో కాదో గానీ ఆగదు. చూపులేని గుర్రానికి అది చాలు. దానికి మనిషి ఎక్కడున్నాడో తెలియాలి. చెప్పాపెట్టకుండా పక్కకొచ్చి చేయి వేస్తే ఎంత ప్రేమతో వేసినా ఉలిక్కిపడుతుంది, తంతుంది. దస్తగిరి ప్రేమంతా చేతిలో ఉంది. ఇక మీదట ఆ గుర్రానికి పనికొచ్చేది గొంతు.

ఇది చెప్పడం నాకు సులువు కాలేదు. ఇన్నేళ్లు ఏ చేత్తో పెంచాడో ఆ చేయి ఇక చాలదని ఒక మనిషికి చెప్పాలి. చెప్పాను.

యేసురత్నం చేను చూడ్డానికి వెళ్లాం. గేటు దగ్గర మొదలుపెట్టిన మాట మేము తిరిగొచ్చేదాకా ఆపలేదు. "నేను మాట్లాడతానని అందురూ తిడతారమ్మా. మా శాంతమ్మయితే, యేసయ్యా, ఈయప్పకు ఇంత గొంతు ఎందుకిస్తివి అని ప్రార్థన జేస్తాది. ఇదో, ఈడ చొప్ప ఏస్తా. ఈడ తొట్టి. ఎండకు ఈ యాపచెట్టు ఉండాది. రేత్రి మా కొట్టంలోనే కట్టేస్తా. డాక్టరమ్మా, కండ్లు పోతే దానికి కలలు వస్తాయంటావా?"

భార్య శాంతమ్మ అతని వెనకే నిలబడి, "నాకు రెండు గొడ్లను సాకినట్ల అయితాది, ఒగటి మాట్లాడేది, ఒగటి మాట్లాడనిది" అంది. కాదనలేదు. అదే ఆమె ఒప్పుకోవడం.

చేను చుట్టూ కంపచెట్ల కంచె ఉంది. ఆ ముళ్లు కళ్లున్న గొర్రెల కళ్లనే పొడుస్తాయి. గుర్రం తిరిగే మేర అంతా తీసేయమన్నాను. పాత గుంత ఒకటి పూడ్చమన్నాను. తొట్టిని ఇప్పుడెక్కడ పెడితే ఎప్పటికీ అక్కడే ఉండాలన్నాను. అతను అన్నింటికీ మాట్లాడుతూనే తల ఊపాడు, మాట్లాడుతూనే చేశాడు.

అతని దగ్గర ఒక ఆడగాడిద ఉంది, నీళ్ల క్యాన్లు మోసేది. నాకు కావాల్సిన రెండోది అదే. బిజిలీ మెడలో ఎప్పుడూ ఒక ఇత్తడి గంట ఉండేది. ఆ గంట తీసి గాడిద మెడలో కట్టమన్నాను. చూపున్న గొడ్డు మెడలో గంట ఉంటే చూపులేనిది ఆ శబ్దం వెంట నడుస్తుంది. బిజిలీకి ఆ గంట పుట్టినప్పటి నుంచి తెలిసిన శబ్దం. కుడి కన్ను పోకముందే రెండింటికీ జత కుదరాలి. అదే మా తొందరంతా.

పగ్గం

పంపే రోజు నేను వెళ్లాను. డ్యూటీలో భాగం కాదు. మీకు చెబుతున్నాను, ఇలాంటి రోజు వెళ్లండి. సలహా ఇచ్చి తప్పుకోవడం మర్యాద కాదు.

యేసురత్నం టెంపో మాట్లాడుకుని, కొత్త నైలాన్ పగ్గం పట్టుకొచ్చాడు. మన వైపు గొడ్డును ఇచ్చేవాళ్లు పగ్గం ఇవ్వరని మీకు తెలిసే ఉంటుంది. పగ్గం ఇంట్లో ఉంటే దాని వెంట ఇంకో గొడ్డు ఇంటికొస్తుంది. పగ్గం కూడా ఇచ్చేస్తే కొట్టం అక్కడితో ముగిసిపోయినట్టు. తీసుకునేవాడే తన తాడు తెచ్చుకోవాలి. యేసురత్నం అదంతా తెలిసినవాడు కాబట్టే కొత్తది తెచ్చాడు.

బిజిలీ మెడకున్నది నూలు పగ్గం. దస్తగిరి నాయన జట్కా రోజుల్లో తన చేతులతో పేనింది. ఎన్ని గుర్రాలు ఆ పగ్గం పట్టుకుని ఆ ఇంటికొచ్చాయో ఖాసింబీకి పేర్లతో సహా తెలుసు.

పాతది విప్పి ఖాసింబీ చేతికిచ్చి, కొత్తది కట్టారు. బిజిలీ తల విదిల్చింది. నైలాన్ వాసన, గరుకుదనం దానికి కొత్త. టెంపోకు ఆనించిన ఎక్కుడు పలక దగ్గరికి రాగానే చూపులేని ఎడమ పక్క నుంచి ఏదో మోటారు సైకిల్ పోయింది. బిజిలీ వెనక్కి గుంజుకుంది. యేసురత్నం మాట్లాడుతూనే ఉన్నాడు, అయినా ఎక్కలేదు. ఇంకోసారి తీసుకొచ్చారు. ముందరి కాళ్లు పలక మీద జారాయి. ఒణికిపోతోంది.

నేను ఖాసింబీ వైపు చూశాను. నా చూపులోనే ఆమెకు అర్థమైంది.

"పగ్గం ఇయ్యను డాక్టరమ్మా" అంది. "గుర్రం పోతే పాయె అనుకున్న్యా. పగ్గం గూడా పాయనంటే ఈ ఇంట్లో ఇంగ గుర్రం పేరుండదు."

వాళ్ల నమ్మకం తప్పని చెప్పడానికి నేనెవర్ని? అలాగని ఆ గుర్రం కొత్త చోట మొదటి రోజుల్లో దేన్ని పట్టుకుని ధైర్యం తెచ్చుకోవాలి? కంటికి కొత్త, కాలికి కొత్త, ముక్కుకు కొత్త. పాత వాసన ఉన్నది ఆ తాడు ఒక్కటే. ఈ రెండింటి మధ్య తేల్చాల్సింది దస్తగిరి.

అతను తల్లి చేతిలోని పగ్గం వైపు చూస్తూ నిలబడ్డాడు. నాయనది, తనది, ఆ ఇంట్లో మగవాళ్ల బతుకంతా ఆ నూలులో ఉంది. తర్వాత వెళ్లి ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. నైలాన్ తాడు విప్పేసి పాతది కట్టాడు.

"ఇంటికి ఇంగొగ గుర్రం రాకుంటే రాకపాయె" అన్నాడు. "ఇది జారి పడగూడదు."

బిజిలీ ఆ తాడు మెడకు తగలగానే తల దించింది. దస్తగిరి ముందు నడిచాడు, అది వెనక నడిచి టెంపో ఎక్కింది. ఖాసింబీ లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చి, నానబెట్టిన ఉలవల గంప టెంపోలో పెట్టి, తిరిగి లోపలికి వెళ్లింది. నాకు ఏడుపొచ్చింది. డాక్టరు ఏడవకూడదని మీకు కాలేజీలో చెప్తారు. ఏడవొచ్చు. సలహా మార్చకూడదు, అంతే.

గంట వెనక

ఆ తర్వాత నేను రిటైరయ్యాను. బిజిలీ కుడి కన్ను కూడా పోయిందని యేసురత్నం ఫోను చేసి చెప్పాడు. చెప్పిన సంగతి చిన్నది, మాట్లాడింది పెద్దది. అప్పటికి అది చేనంతా నేర్చుకుని ఉంది.

దస్తగిరి మాత్రం ఆ కబురు విన్నప్పటి నుంచి అటు వెళ్లలేదు. ఒక ఆదివారం నేనే అతని ఆటో ఆపి ఎక్కి, "కోడుమూరు పోదాం పా" అన్నాను.

మేము వెళ్లేసరికి గాడిద చేను గట్టున మేస్తోంది. దాని గంట మోగినప్పుడల్లా దాని వెనక బిజిలీ ఒక్కో అడుగు వేస్తోంది. రెండు కళ్లూ తెల్లగా ఉన్నాయి. ఒళ్లు మాత్రం నిగనిగలాడుతోంది. అవతల యేసురత్నం గొంతు. "బిజిలమ్మా, ముందర గెనెం ఉండాది, కాలెత్తు. ఆ, అట్ల. సుట్టాలొచ్చిండారు సూడు." సూడు అంటాడు, ఆ గుర్రంతో! తిట్టబోయి ఊరుకున్నాను. అది నిజంగానే కాలెత్తి గట్టు దాటింది.

దస్తగిరి దాని వైపు నడిచి, చేయి చాచాడు.

"మాట్లాడు. ముట్టుకునేముందు మాట్లాడాల" అన్నాను.

అతను నోరు తెరిచాడు. చేయి గాలిలో అలాగే ఉంది. ఎప్పుడూ ఆగని యేసురత్నం కూడా అప్పుడు ఆగాడు. చేలో గంట ఒక్కటే మోగుతోంది.

"బిజిలీ" అన్నాడు దస్తగిరి చివరికి. చాలా చిన్నగా.

దాని రెండు చెవులూ ఇటు తిరిగాయి. గంటను వదిలి, నేల వాసన చూసుకుంటూ వచ్చి, అతని రొమ్ముకు ముట్టె ఆనించింది. అతను దాని మెడ మీద చేయి వేసి, వచ్చిన మాటలన్నీ మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నేను వినలేదు, వినకూడదని దూరంగా జరిగాను. అంతలో గాడిద తొట్టి వైపు కదిలింది. గంట మోగింది. బిజిలీ తల తిప్పి, అతని చేతి కింది నుంచి మెల్లగా తప్పుకుని, గంట వెనక నీళ్లకు వెళ్లిపోయింది.

దస్తగిరి అలాగే చూస్తూ నిలబడ్డాడు. "పాయ" అన్నాడు. తర్వాత, "పోనీలేమ్మా. దానికి దావ తెల్సింది" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు, దాచుకోలేదు.

బయల్దేరుతుంటే యేసురత్నం కొట్టంలోంచి నూలు పగ్గం తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"తీసుకపో దస్తగిరన్నా. దీన్ని కట్టి శానా దినాలాయ. గంట యాడికి పోతే ఈయమ్మ ఆడికి పోతాది. ఇంగ పగ్గంతో పనేముండాది?"

ఇంటికి చేరేసరికి ఖాసింబీ మంచం మీద కూర్చుని ఉంది. దస్తగిరి పగ్గం ఆమె ఒడిలో పెట్టాడు. ఆపరేషన్ అయిన కళ్లతో దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసుకుంది. లేచి, కొట్టంలో దాని మేకుకు తగిలించింది. తర్వాత చీపురు తీసుకుంది.

"ఇప్పుడెందుకుమ్మా, ఖాళీ కొట్టమే గదా" అన్నాను.

"పగ్గం ఇంటికొచ్చినాక కొట్టం ఊడ్సకుంటే ఎట్ల డాక్టరమ్మా?" అంది.